మా ప్రకాశం మామ చదివిన ఒకే ఒక్క తప్పు చదివింపు

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. చేతిల పనుంటే పక్కకు పెట్టుండ్రి. దూరంకెల్లి వినే ముచ్చట కాదిది.

మా మేనమామ ప్రకాశం పోయిండు. పది దినాలైంది. ఆ పొద్దున నాచారంల ఆటో ఎక్కి, కాగితాల సంచి ఒళ్లె పెట్టుకొని ఉప్పల్ల సర్కారు ఆఫీసుకు బయలెల్లిండు. ఆఫీసు ముంగట ఆటో ఆగింది గని మామ దిగలే. డ్రైవరు తట్టి చూసి, ఆయన ఫోనుకెల్లే మా సారమ్మ అత్తకు చెప్పిండు. నేను ఉరికి పోయేసరికి చేతులు ఇంక సంచి మీదనే ఉన్నయి. ఏడ్వాలెనో, ఎవలనన్న తిట్టాలెనో నాకు తెల్వలే. ఇయ్యాల్టికి తెల్వదు.

ఆయన పోయినంక ఒక సంస్థోళ్లు పెద్ద ఫ్లెక్సీ కొట్టిచ్చిన్రు. ‘సేవాతత్పరుడు, నిష్కళంక హృదయుడు, బస్తీకి తీరని లోటు’ అని రాసిన్రు. ఆ మాటలల్ల ఒక్కటి సుత అబద్ధం లేదు. రాయించిన మనుషులే అబద్ధం. ఎట్లనో చెప్త.

మామ మల్లాపూర్ల ఒక కంపెనీల ప్యాకింగు పని చేసేటోడు. గని ఆయన పేరు ఆ పనితోని రాలే. పెండ్లిళ్లల్ల చదివింపులు చదివేది ఆయనే. చర్చిల పెండ్లయినా, గుడిల పెండ్లయినా, అక్షింతలో ప్రార్థనో అయిపోంగనే మైకు మామ చేతికి పోయేది. ‘ఫలానా అన్న, వదిన చదివించినది స్టీలు బిందె!’ అంటే వంటలకాడి మనిషి సుత తలకాయ ఎత్తి చూసేది. ఆయనకొక నేమం ఉండె. వస్తువు చేతిల పట్టంది నోట పలుకడు. బిందైతే బిందె, కవరైతే కవరు, పైకెత్తి నలుగురికి చూపెట్టాలె, అటెన్క చదువాలె. ‘ఇచ్చినోని పేరు, వచ్చిన వస్తువు, రెండూ ఒక్కపారే వినపడాలె బిడ్డా. ఒకటి వినపడి ఒకటి కనపడకపోతే ఆడ మోసమున్నట్టు’ అనేది.

ఒకపారి దమ్మాయిగూడ పెండ్లిల మొగపిల్లగానోళ్ల తరఫున ఒక పెద్దమనిషి వచ్చి, ఫ్రిజ్ చదువు, రేపు ఇంటికొస్తది అన్నడు. మామ మైకు మూతికి దగ్గరనే పట్టి, ‘రేపే చదువుత బావా. ఇయ్యాల జర ఆకలైతున్నది’ అన్నడు. పందిరంత ఒక్కటే నవ్వు. ఆ ఫ్రిజ్ ఇప్పటిదాక రాలే.

అసొంటి మనిషి ఒక్కపారి నేమం తప్పిండు.

మా బస్తీ బోరు నీళ్లు మీకు ఎర్కనే. పచ్చగ వస్తయి, వాసనొస్తయి. ట్యాంకరు రాని దినం ఇంట్ల పొయ్యి వెలుగదు. గప్పుడు ఆ సంస్థోళ్లు వచ్చిన్రు. విదేశంల ఒక నిధి ఉన్నదట, దానికి సర్కారు గ్రాంటు కలుస్తదట, మనకు నీళ్ల ప్లాంటు కడ్తరట. టెంటు ఏసిన్రు, తెల్లదొరలను కుర్చీలల్ల కూసోపెట్టిన్రు. సంస్థ కార్యదర్శి మామ మెడల దండేసి, చేతిల లిస్టు పెట్టి, “ప్రకాశం గారూ, మీ గొంతు వింటేనే మీ బస్తీకి నమ్మకం. పెళ్లి చదివింపుల్లాగే చదవండి” అన్నడు. వస్తువులేవి సారూ అని మామ అడిగిండు. దారిలో ఉన్నాయి అన్నడు. ఎదురుంగ బస్తీ అంత బిందెల తీరు నోర్లు తెర్చుకొని చూస్తున్నది. మామ చదివిండు. నీళ్లు శుద్ధి చేసే మిషను! గల్లీకొక నల్లా! నెల నెల నీళ్ల పరీక్ష! సారమ్మ అత్త చప్పట్లు కొట్టింది. నేను సుత కొట్టిన.

వచ్చింది ఏందంటే నీలం రంగేసిన షెడ్డు, దానికొక తాళం.

ఏండ్లు గడిచినయి. మామ బిడ్డ గ్రేసు ఉప్పల్ల కంప్యూటర్ కంపెనీల పని చేస్తది. ఒకనాడు అందరం అన్నం తింటుంటే ఫోను తెచ్చి చూపెట్టింది. ఆ విదేశీ నిధోళ్ల వెబ్‌సైటు. మిషను ఇచ్చినం, నల్లాలు పెట్టినం, అన్నీ పూర్తయినయి అని ఇంగ్లీషుల వరుసగ రాసున్నది. కింద సాక్ష్యమని ఒక వీడియో. దండేసుకొని మైకుల చదువుతున్న మా మామ.

మామ తినే పళ్లెం పక్కకు జరిపిండు. “మిషను వాళ్లు మింగిన్రు గని, ముట్టిందని నేనే నా నోటితోని చెప్పిన బిడ్డా” అన్నడు.

ఆ దినంకెల్లి ఆయన మనిషి కాలే. అర్జీ మీద అర్జీ పెట్టిండు. సర్కారోళ్లను అడిగితే విదేశీ పైసల సంగతి సంస్థను అడుగుమన్నరు. సంస్థకు పోతే, అంతా పారదర్శకం, వెబ్‌సైటుల పెట్టినం, చూసుకోమన్నరు. ఏం పారదర్శకమది? ఎవలకు బయట పెట్టిన్రు? ఇంగ్లీషు చదివేటోనికి, సముద్రం అవతలోనికి బయట పెట్టి, ఆ నీళ్లు తాగాల్సినోని గోడ మీద ఒక్క తెలుగు ముక్క రాయకపోతే దాన్ని దాచుడంటరు. మామ కోట్లు అడగలే. ఎవలు ఇచ్చిన్రు, ఏమిచ్చిన్రు, అది యాడున్నది, ఈ మూడు ఆ షెడ్డు గోడ మీద తెలుగుల రాయుమన్నడు. గంతే. దానికి ఆయన ప్రాణం పోయేదాక తిప్పిన్రు.

వార్డు మీటింగుల లేచి, ఆనాడు నేను తప్పు చదివిన, నన్ను మాఫ్ చేయుండ్రి అంటుంటే మైకు బందు పెట్టిన్రు. చాయ్ హోటల్‌కాడ మనోళ్లే, “మామా, మిషను చదివినవు గదా, ఓ గిలాస నీళ్లు పొయ్యరాదు” అని నవ్విన్రు. నా బిడ్డ పెండ్లిల సుత మైకు పట్టలే. ఈ నోరు ఎంగిలైంది, వద్దన్నడు. అప్పుడు నేను అలిగిన. ఇప్పుడు నా మీద నాకే కోపమొస్తది.

నిన్న మామ యాదిల ఆదరణ కూడిక పెట్టినం. ప్రార్థన కాంగనే ఆ కార్యదర్శి ఫ్లెక్సీ తోని, దండ తోని దిగిండు. రెండు నిమిషాలు మాట్లాడుతానన్నడు. నా రక్తం ఉడికింది. సారమ్మ అత్త మాత్రం నెమ్మదిగ లేచింది. “మాట్లాడుదురు సారూ. ముందుగాల మా ఆయన చదవంగ మిగిలింది ఒకటున్నది” అని, మామ కాగితాల సంచిలకెల్లి ఆనాటి లిస్టు తీసి నా చేతిల పెట్టింది.

నేను వేలు పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం కూడుకుంట చదివిన. నీళ్ల మిషను, చేతిల పట్టినమా? అత్త ఒక్కతే అన్నది, రాలే అని. గల్లీకొక నల్లా? ఈపారి పది గొంతులు, రాలే. నెల నెల నీళ్ల పరీక్ష? రాలే అన్నది బస్తీ అంత. చాయ్ హోటల్‌కాడ నవ్వినోళ్లు సుత అన్నరు. కార్యదర్శి ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకొని కారెక్కిండు. ఫ్లెక్సీ ఆడనే మర్చిపోయిండు.

గ్రేసు అదంత వీడియో తీసి ఆ నిధోళ్లకే పంపింది. జవాబు ఇంక రాలే. మామ గొంతు ఇంక ఆ వెబ్‌సైటుల అబద్ధమే చదువుతున్నది. గని ఆ ఫ్లెక్సీ వెనుక తెల్లగున్నది. తిప్పి, ఎవలు ఇచ్చిన్రు, ఏమిచ్చిన్రు, రాలేదన్న సంగతి నల్ల రంగుతోని తెలుగుల రాసి షెడ్డుకు కట్టినం. చింపితే మల్ల రాస్తం. రాసేటోళ్లు దొరుకుతరు. గసొంటి గొంతు, తన తప్పును తానే మైకుల చెప్పుకునే గసొంటి గుండె మాకు ఇగ దొరుకది. మామా, నీ నోరు ఎంగిలి కాలే. నీకు మొక్కుతున్న.

ఇంతసేపు కూసోని విన్నరు. మీ ఇంట్ల బిందెలు ఎన్నడూ వట్టిగ ఉండొద్దు. మీ పేరు మీద చదివింది ఏదైనా మీ గడప దాటి లోపటికి రావాలె.