రాజనర్సయ్య చెవి

పంజగుట్ట సందులో పాత కార్లు బాగుచేసే రాజనర్సయ్యకు డెబ్బై దాటాయి. పొడుగు స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటే చాలు, బండి రోగం తెలిసిపోయేది. ఎర్రమంజిల్‌లో ఉండే బుచ్చిబాబు గారు తన యాభై ఏళ్ల కారు కోసం కంపెనీవాళ్ల రిపేరు పుస్తకం ఎక్కడో వెతికి తెచ్చిస్తే, "గీ బుక్కు నాకెందుకు సార్, బండే చెప్తది" అని దాన్ని గ్రీజు డబ్బా కింద పెట్టాడు. పదేళ్లుగా అది అక్కడే ఉంది.

నిన్న అదే కారు వచ్చింది. పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. "మస్తుగున్నది సార్, చప్పుడే లేదు," అన్నాడు. ఇంజిన్ టకటకమంటూనే ఉంది. ఎదురు టీకొట్టు దగ్గరివాళ్లు కూడా తిరిగి చూస్తున్నారు. బుచ్చిబాబు గారు తల దించుకున్నారు. ఆ ముఖం చూసి రాజనర్సయ్య పిడిని రెండో చెవికి మార్చాడు. మళ్లీ మొదటి చెవికి. తర్వాత స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, గ్రీజు డబ్బా జరిపి, పుస్తకం అట్టను చొక్కాకు తుడిచి ఆయన చేతికిచ్చాడు. "నాకు ఇంగ్లీషు రాదు సార్. మీరు చదివి చెప్పుండ్రి, నేను విప్పుత." ఆయన పేజీలు తిప్పుతుంటే ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"జర గట్టిగ చదువుండ్రి."