నల్ల నువ్వులు, నా నరాలు

ఆ రోజుల్లో నాకు ఈ లోకంలో దేనికీ భయం ఉండేది కాదు, బెంచీల మీద కూర్చుని నావైపు చూసే మనుషులకు తప్ప. మానవపాడులో మా మిరప చేలో పాము కనిపిస్తే పక్కకు తప్పుకుని నా పని నేను చేసుకునేవాణ్ని. చీకటి, వీధి కుక్కలు, మా నాయన కోపం (వీటిలో చివరిదే పెద్దది) అన్నీ అలవాటే. అలాంటివాణ్ని జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, పాఠాలు చెప్పడం తప్ప మరో పని చేయనని ఇంట్లో గట్టిగా ప్రకటించి, తీరా నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో డెమో క్లాసుకు నిలబడేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. వాళ్లు ఇచ్చిన పాఠం నాడీ వ్యవస్థ. నరాల గురించి చెప్పాల్సినవాడి నరాలే మాట వినకపోతే ఇంక చేసేదేముంది? బోర్డు మీద నాడీకణం గీయబోతే దానికి కాళ్లు ఎక్కువయ్యాయి. అది సాలీడా అని ప్రిన్సిపాల్ మర్యాదగానే అడిగాడు. అవునన్నట్టు తలూపి బయటికి వచ్చేశాను.

సంగతి మా నాయనకు తెలిసింది. బిజినేపల్లిలో ఎరువుల దుకాణం నడిపే మా మేనమామకు ఫోన్ చేసి, "పిలగాడు వస్తడు, దుకాణంల కూసోవెట్టుకో" అన్నాడు. అమ్మ అడ్డుపడింది. వనపర్తిలో ఇంకో కాలేజీవాళ్లు కూడా పిలిచారని, ఆ ఒక్కటీ చూడనివ్వమని బతిమాలింది. సరే, అదే ఆఖరు అన్నాడు నాయన. పాఠం మళ్లీ నాడీ వ్యవస్థే. అది కూడా పోతే నా బతుకంతా యూరియా బస్తాల మధ్యే తెల్లారుతుందని నాకు అర్థమైపోయింది. బట్టలు సర్దుకుని, వనపర్తిలో ఉండే మా చిన్నమ్మ ఇంటికి చేరాను.

చిన్నమ్మకు అప్పటికే ఫోన్‌లో చైనా వైద్యం వీడియోలు చూసే అలవాటు పట్టుకుంది. చెప్పే ఆవిడ శుభ్రమైన తెలుగావిడే అయినా, చిన్నమ్మ ఆమెను చైనా డాక్టరమ్మ అనేది. ఆ డాక్టరమ్మ లెక్కలో కోపం కాలేయంలో ఉంటుంది, దుఃఖం ఊపిరితిత్తుల్లో ఉంటుంది, భయం మాత్రం కిడ్నీల్లో ఉంటుంది. "నీ భయం తలకాయల లేదు బిడ్డా, కిడ్నీలల్ల ఉంది. తలకాయకు ఎంత చెప్తే ఏం ఫాయిదా?" అని చిన్నమ్మ తేల్చేసింది. (నా ఎమ్మెస్సీలో కిడ్నీకి ఈ పని ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. కానీ ఒకరింట్లో తిని పడుకునేవాడు వాదనకు దిగకూడదు.) ఆ మరుసటి రోజునుంచి నా నరాలను చల్లబరిచే కార్యక్రమం మొదలైంది. మంచి నిద్రకు చైనావాళ్లు ఎర్ర ఖర్జూరంలాంటి ఎండు రేగుపండ్లు ఉడికించుకుని తాగుతారట. మా చిన్నమ్మ దగ్గర రేగుపండ్లు ఉన్నాయి గానీ, అవి ఉప్పూ కారం వేసి దంచి ఎండబెట్టిన రేగు వడియాలు. అవే ఉడికించి ఇచ్చింది. నిద్ర మాట అటుంచి, రెండు చెవుల్లోంచీ పొగలు వచ్చాయి. మనసు నెమ్మదించడానికి చామంతి టీ అన్నారని, పూలమ్మి దగ్గర గంపెడు చామంతులు కొని, వరండాలో తువ్వాల మీద ఎండబోసి, వాటినీ మరిగించింది. మా చిన్నాయన ఒక్క గుక్క తాగి, ఇవి ఏ దేవుడి మెడలోంచి తీశావని అడిగి, గ్లాసు కిందపెట్టి ఆఫీసుకు వెళ్లిపోయాడు.

తిండితో సరిపోలేదు. చేసే ప్రతి పనీ మనసు పెట్టి నెమ్మదిగా చేయాలట. జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, అది నీళ్లయ్యేదాకా దాని రుచినే తలుచుకుంటూ నమలాలి. నేను ఒక రొట్టె పూర్తి చేసేసరికి ఇంట్లో గిన్నెలు కూడా తోమేసేవారు. పాదాల కింద నేల ఎలా తగులుతోందో గమనిస్తూ వీధిలో నడవాలి. అలా ఒక్కో అడుగూ తూచి వేస్తుంటే, ఎదురింటి పెద్దమనిషి జాలిపడి ముల్లు తీసే పిన్నీసు తెచ్చి ఇచ్చాడు. అన్నిటికంటే ముఖ్యమైనది పొద్దున చేసేది. వరండాలో దీపం పెట్టుకుని కాసేపు దాని వెలుగు చూడాలి. తర్వాత ఆ దీపం తలాపున ఉంచి, చాప మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ చూసుకోవాలి. "చప్పుళ్లొస్తయి, రానియ్యి. పోతయి, పోనియ్యి. నువ్వు మాత్రం కదలకు" అని చిన్నమ్మ రోజూ పైనుంచి చెప్పేది. నిజం చెప్పాలంటే ఇదొక్కటే నాకు నచ్చింది, పడుకునే పని కాబట్టి.

అసలు గొడవ నల్ల నువ్వులతో వచ్చింది. కిడ్నీలకు నల్లటివి మంచివని, నల్ల నువ్వులు వేయించి పొడిచేసి గంజిలో కలుపుకుని తాగితే భయం పారిపోతుందని చైనా డాక్టరమ్మ సెలవిచ్చింది. మావైపు నల్ల నువ్వులు బతికున్నవాళ్లు తినేవి కావు. శనివారం గుడికి చిటికెడు కొంటే శని కోసం అనుకుంటారు. అదే సంచీ పట్టుకెళ్లి కిలోల్లెక్కన అడిగితే, ఆ ఇంట్లో ఎవరో పోయారనీ, కర్మ జరుగుతోందనీ అర్థం. డెమోకు ముందురోజు సాయంత్రం చిన్నమ్మ సంచీ పట్టుకునే వెళ్లింది. కిరాణా కొట్టు శేటు ఉలిక్కిపడి, ఏమైందమ్మా అని మెల్లిగా అడిగాడట. ఉద్యోగం సంగతి ముందే బయటపెడితే దిష్టి తగులుతుందని చిన్నమ్మ నోరు విప్పలేదు. పైగా కొట్టు పక్కనే మిర్చి పట్టే గిర్నీ ఉంది. ఆ ఘాటుకు ఆమె కళ్లనుంచి ధారగా నీళ్లు కారుతుంటే, కొంగుతో తుడుచుకుంటూ సంచీ తీసుకుని వచ్చేసింది. శేటు ఇంకేం అడుగుతాడు, పాపం.

ఆ శేటుది మల్దకల్. మల్దకల్‌లో వాళ్లింటి వెనకే మా పెద్దత్త ఇల్లు. పెద్దత్త అంటే మా నాయనకు అక్క. నా బడి సెలవులన్నీ ఆమె దగ్గరే గడిచాయి. మంచివాడు కాబట్టి శేటు వెంటనే ఆమెకు ఫోన్ చేసి, మీ మేనల్లుడు ఉంటున్న ఇంట్లో ఏదో జరగరానిది జరిగినట్టుందని చెప్పాడు. ఆమె చిన్నమ్మకు చేసింది, చిన్నాయనకు చేసింది, నాకు చేసింది. ఏదీ మోగలేదు. ఫోన్ మోగితే నరాలు అదురుతాయని చిన్నమ్మ ఇంట్లోని ఫోన్లన్నీ ఆపేసి బీరువాలో పెట్టింది మరి. తమ్ముడికి ఏమని చెప్పాలో తోచక, ముందు తానే చూసి రావాలని, పెద్దత్త పొద్దున మొదటి బస్సుకే బయలుదేరింది.

ఆమె వచ్చేసరికి చిన్నమ్మ నా పేరున అర్చన చేయించడానికి గుడికి వెళ్లింది. చిన్నాయన స్నానాల గదిలో ఉన్నాడు. వరండాలో నేను. తెల్ల పంచె, తలాపున దీపం, పక్కన తువ్వాల మీద ఎండుతున్న చామంతులు, ఇటు పళ్లెంలో నల్ల నువ్వులు. కళ్లు మూసుకుని, ఊపిరి చూసుకుంటూ, ఆ రోజు ఎందుకో నిజంగానే బాగా కుదిరి, కట్టెలా పడి ఉన్నాను.

గేటు చప్పుడైంది. రానిచ్చాను. చెప్పుల చప్పుడైంది. పోనిచ్చాను. ఆ తర్వాత నా నెత్తి మీదే ఒక పెద్ద ఏడుపు మొదలైంది. పక్కింట్లో ఎవరికో ఏదో అయిందనుకుని, ఇదీ చప్పుడే కదా అని దాన్ని కూడా రానిచ్చాను. అది మాత్రం పోలేదు. మావైపు ఆడవాళ్లు చావు దగ్గర రాగం తీసి, పోయినవాళ్ల గుణాలన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఏడుస్తారు. పిల్లికి కూడా ఎదురు చెప్పనోడివి అంటోంది ఆ గొంతు. ఆకలైతే అడగనోడివి అంటోంది. చందమామలాంటి మొగమోడివి అంది. (ఇక్కడిదాకా అది నా గురించే అని నాకు అనుమానం రాకపోవడం సహజమే.) అప్పుడు గొంతు తగ్గించి, రాగం కూడా వదిలేసి అంది: "పల్లికాయలు పేర్సి అక్షరాలు నేర్పితివి గద అల్లుడా. బస్సు మీద ఏం రాసుంటదో తెల్వని దాన్ని. బోర్డు సదువుకొని ఒక్కదాన్నే తిరుగుడు నేర్పితివి. గిందుకే నేర్పినవా? గా బోర్డు సదువుకొనే గద ఇయ్యాల నీ కాడికి వస్తి."

ఆ గొంతు పెద్దత్తది. ఒకసారి ఆమె గద్వాల బస్టాండులో ఎక్కాల్సిన బస్సు కాకుండా వేరే బస్సెక్కి, రాయచూరులో దిగి ఏడ్చింది. ఆ ఎండాకాలం సెలవుల్లో, వాళ్లింటి బండల మీద పల్లికాయలు పేర్చి ఆమెకు అక్షరాలు నేర్పించాను. నేర్చుకున్నంతవరకు చదివించి, నేర్చుకున్నాక ఆ పల్లికాయలు ఇద్దరం వేయించుకుని తినేవాళ్లం. నేను ఎప్పుడో మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు. మూసిన కంటి చివరనుంచి నీరు కారి చెవిదాకా వెళ్లింది. పెద్దత్త కొంగుతో దాన్ని తుడవబోయి, ఆగింది. పోయినవాడి కళ్లనుంచి నీళ్లు ఎట్లా వస్తాయని ఆలోచించి ఉంటుంది. నేను కళ్లు తెరిచాను. ఆమె కెవ్వుమని వెనక్కి పడి, వెంటనే ముందుకు వచ్చి, చెంప మీద ఒక్కటి పీకింది.

"బతికున్నోనివి బతికున్నట్టు ఉండవేందిరా" అని, నన్ను పట్టుకుని మళ్లీ ఏడ్చింది. ఈసారి రాగం లేదు.

నువ్వుల కథ అంతా విన్నాక కూడా ఆమెకు నా మీద నమ్మకం కుదరలేదు. నన్ను ఒక్కణ్ని వదిలితే మళ్లీ ఎక్కడ పడుకుంటానో అని కాలేజీకి వెంట వచ్చింది. ఆవిడ ఎవరని అక్కడ ఎవరూ అడగలేదు, ఆమె ఎవరి అనుమతీ అడగలేదు. నేరుగా వెళ్లి చివరి బెంచీలో కూర్చుంది. ముందు బెంచీలో ప్రిన్సిపాల్, పెద్ద లెక్చరర్లు. మధ్యలో పిల్లలు. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. ఊపిరిని చూసుకుందామంటే అది కనబడలేదు. కిడ్నీలు ఉన్నాయో లేవో తెలియలేదు. ఏదో గొణిగాను. అప్పుడు చివరినుంచి పెద్దత్త తాపీగా అంది: "ఎనక బెంచీకి ఇనిపిస్తలేదు అల్లుడా."

పిల్లలు నవ్వారు. నేను ఆమెవైపు చూశాను. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గదిలో మిగతా ముఖాలన్నీ వదిలేసి, బండల మీద పల్లికాయలు పేర్చుకున్ననాడు చెప్పినట్టే ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున ఆమె నన్ను చెంప మీద కొట్టిందనీ, ఆ కబురు చెంపనుంచి మెదడుకు ఎలా వెళ్లిందనీ, నేను అనుకోకముందే నా కన్ను ఎలా మూసుకుందనీ. నాడీకణం గీస్తే ఈసారి నాడీకణంలాగే వచ్చింది. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. ఉద్యోగం వచ్చింది. మా నాయన మేనమామకు మళ్లీ ఫోన్ చేసి, పిల్లవాడు రాడని చెప్పాడు.

అదంతా నువ్వుల మహిమే అని చిన్నమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. చెంపదెబ్బ మహిమ అని చిన్నాయన అంటాడు. పెద్దత్త మాత్రం తన ఏడుపు మహిమే అనుకుంది. నా పెళ్లిచూపుల ముందు, సర్కారు ఉద్యోగం పరీక్ష ముందు ఫోన్ చేసి, "జర ఏడ్వమంటవా?" అని అడిగింది. వద్దన్నానని ఎలా చెప్పను? రెండుసార్లూ ఏడిపించుకునే వెళ్లాను.

ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, జుట్టు పోతోంది. క్లాసులో నన్ను ఆపడమే కష్టమని పిల్లలు అనుకుంటారట. పెద్దత్తకు మోకాళ్లు పట్టేశాయి, బస్సులెక్కడం మానేసింది. మొన్న మల్దకల్ వెళ్తే, మంచం మీద కూర్చుని నాతోపాటు పల్లికాయలు ఒలుస్తూ ఉన్నట్టుండి అంది: "నేను వోయినంక నువ్వేం చెప్పుకుంట ఏడుస్తవో నాకు ఇనిపియ్యది గద. నీది నువ్వు ఇన్నవు. నాది గూడ జర ఇనిపియ్యరాదు?" అవేం మాటలని కోప్పడ్డాను. ఆమె వినలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతులు పక్కన పెట్టుకుని, కళ్లు మూసుకుంది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. రోజంతా గొంతు చించుకునేవాణ్ని, నాలుక మళ్లీ అంగిట్లో అతుక్కుపోయింది. చైనా డాక్టరమ్మ చెప్పినవన్నీ గుర్తు చేసుకున్నాను, ఒక్కటీ అక్కరకు రాలేదు. చివరికి పల్లికాయల దగ్గరే మొదలుపెట్టి, ఏదో గొణిగాను. పెద్దత్త ఒక కన్ను తెరిచింది.

"గట్టిగ చెప్పురా. ఎనక బెంచీకి ఇనిపిస్తలేదు."