గట్టిగా చెప్పండి, మేడమ్

మా ఇంట్లో టీవీ చెడిపోయిందని ఇరుగుపొరుగుకి తెలియడానికి చాలా రోజులు పట్టింది. చెడిపోకముందు కూడా దానికి గొంతు లేదు కదా. సౌండు పూర్తిగా తగ్గించి చూసేదాన్ని. బొమ్మ ఆడితే చాలు, మాటలు నేనే పెట్టుకునేదాన్ని. ఏళ్ల తరబడి అలా చూసి చూసి, పెదాలు కదిలే తీరును బట్టి ఎవరేమంటున్నారో చెప్పే విద్య ఒకటి పట్టుబడింది. దానికోసం నేనేమీ తపస్సు చేయలేదు. బొగ్గుగనిలో పనిచేసే మనిషిని చేసుకున్నాను, అంతే.

కాలనీలో కంపెనీ క్వార్టరు మాది. రెండు గదులు, మధ్యలో తలుపు లేదు, కర్టెనే. లోపలి గదిలో ఆయన పడుకుంటాడు, ముందు గదిలో నేను చప్పుడు చేయకుండా ఉంటాను. ఫస్ట్ షిఫ్టయితే వచ్చి, తిని, సాయంత్రం దాకా పడుకుంటాడు. సెకండ్ షిఫ్టయితే బారెడు పొద్దెక్కేదాకా లేవడు. నైట్ షిఫ్టయితే ఇక పగలంతా రాత్రే. కిటికీకి నల్లగుడ్డ, వీధి తలుపుకు గడియ. ఎండాకాలంలో కూలరు చప్పుడు తోడుంటుంది, చలికాలంలో అదీ ఉండదు.

మా లైనులో ఒక పద్ధతుంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లు బూట్లు గడప ముందు విడుస్తారు. బూట్లుంటే ఆ ఇంట్లో మనిషి పడుకున్నాడని లెక్క. కూరగాయల బండివాడు ఆ ఇంటి ముందు కేక వేయడు. పిల్లలు బంతి తీసుకుని పక్క లైనుకు పోతారు. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త ఆ బూట్లు చూపించి చెప్పింది, "నిద్రలేని కన్ను గనిల పనికిరాదు బిడ్డా. పైకప్పు ఎప్పుడు కదులుతదో కన్నే చూడాలె." ఆ మాటకు ఎదురుచెప్పిన ఆడది మా కాలనీలో లేదు. నేనూ చెప్పలేదు. అక్కడే ఇరుక్కుపోయాను. ఆయన తాగేవాడో కొట్టేవాడో అయితే తగువు పెట్టుకునేదాన్ని, నలుగురూ నావైపు మాట్లాడేవాళ్లు. మనిషి ప్రాణం ఒకవైపు, నా గొంతు ఒకవైపు పెట్టి తూస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో ఎవర్నీ అడగక్కర్లేదు.

కుక్కరు కూతలు పెడుతుందని గిన్నెలోనే వండాను. పచ్చడి నూరాలంటే రోకలి పట్టుకుని పక్కింటికి పోయాను. ఫోనొస్తే బాత్రూంలో దూరి మాట్లాడాను. తుమ్మొస్తే కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా అమ్మాయి చంటిదప్పుడు ఏడుపు మొదలుపెడితే ఎత్తుకుని పక్క లైనుకు పరిగెత్తేదాన్ని. దాన్ని బడిలో వేశాక టీచరమ్మ పిలిపించి, "మీ పాప పద్యం నా చెవిలో చెబుతానంటుందేంటమ్మా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఇల్లు చేరేదాకానే.

నేను పుట్టింది పెనుబల్లి దగ్గర పల్లెలో. చిన్నప్పుడు మా జొన్నచేనుకు కాపలా నేనే. మంచె ఎక్కి కేక వేశానంటే మా చేను మీదే కాదు, పక్క చేల మీద కూడా పిట్ట వాలేది కాదు. "మా పిల్ల ఇక్కడ కేకేస్తే కల్లూరులో పలుకుతారు" అని మా నాన్న అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. నా పుణ్యాన పక్క చేలవాళ్లు కాపలా పెట్టుకోవడమే మానేశారని కూడా అనేవాడు. అది మాత్రం కోతే.

పాత టీవీ ఇక బాగుపడదని తేలాక, ఈసారి స్మార్ట్ టీవీ కొందామన్నాడు మా ఆయన. "కొంటే పెద్దదే కొనాలె. సినిమాహాలు లెక్క ఉండాలె" అన్నాడు. దేవుడి గూటికీ కూలరు పెట్టిన కిటికీకీ మధ్యనున్న గోడను పురికొసతో కొలిచి, ముడి వేసి జేబులో పెట్టుకున్నాడు. నాకు కావలసింది వేరే. మా అమ్మాయి ఉద్యోగంలో చేరి కొత్తవి కొనుక్కుని, చెవుల్లో పెట్టుకునే తన పాత ఇయర్‌ఫోన్లు నాకిచ్చింది. వాటికి వైర్లు ఉండవు. "స్మార్ట్ టీవీ అయితే వీటికి కలుస్తుందమ్మా. సౌండు నీ చెవుల్లోకే వస్తుంది, నాన్నకు వినపడదు" అంది. వాటి చిన్న డబ్బీని బీరువాలో చీరల కింద దాచుకున్నాను. పట్టపగలు, మా ఇంట్లో కూర్చుని, ఒక మనిషి గొంతు వినొచ్చు. నాకు అంగుళాలతో పనిలేదు.

ఖమ్మంలో పెద్ద షాపుకే వెళ్లాం. గోడ నిండా టీవీలు, అన్నిట్లోనూ ఒకటే చేప ఈదుతోంది. మా ఆయన పురికొస తీసి ఒక్కో టీవీకి పట్టి చూస్తుంటే పక్కనున్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. యాభై అయిదు అంగుళాలది ముడి దాటిపోయింది. నలభై మూడు సరిపోయింది. ఆయన ముఖం చిన్నబోతే షాపతను సర్దిచెప్పాడు. "గది చిన్నదైతే దగ్గర కూర్చుని చూస్తారు కదా సార్, ఇదే పెద్దగా కనపడుతది."

నేను ముందుకొచ్చి, "చెవుల్లో పెట్టుకునేవి దీనికి కలుస్తాయా?" అని అడిగాను. అతను మా ఆయన వైపు తిరిగి, "మేడమ్ ఏమంటున్నరు సార్?" అన్నాడు. ఆయన నా మాటే మళ్లీ చెప్పాడు. "కలుస్తయి, కలుస్తయి" అని, అతను నా చేతికి రిమోట్ అందించాడు. "ఇంకోటి చూడండి మేడమ్. టైపు చేసే పనే లేదు. ఈ బటన్ నొక్కి ఏం కావాలో తెలుగులో చెప్పండి చాలు, అదే వెతికి పెడుతది."

బటన్ నొక్కి, "పాత పాటలు" అన్నాను. తెర మీద చుక్కలు కాసేపు ఆడి, వినపడలేదు, మళ్లీ చెప్పండి అని అక్షరాలు వచ్చాయి.

"గట్టిగా చెప్పండి, మేడమ్."

చెప్పాను. గట్టిగానే చెప్పాననుకున్నాను. మళ్లీ అవే అక్షరాలు.

"ఇంకా గట్టిగా మేడమ్. ఇక్కడ ఎవ్వరు పడుకోలేదు" అని నవ్వాడు. నా సంగతి అతనికేం తెలుసు? ఊపిరి పీల్చాను, నోరు తెరిచాను, మెడనరాలు లాగాయి. మాట గొంతు దాకా వచ్చి అక్కడే చతికిలబడింది. మంచె మీద నిలబడి కల్లూరును పలికించిన మనిషిని, రెండు మాటలు బయటికి తేలేక చెమటలు కక్కాను.

మా ఆయన రిమోట్ అందుకుని "పాత పాటలు" అనగానే తెరంతా పాటల బొమ్మలు వరస కట్టాయి. షాపతనితో అన్నాడు కదా, "మా ఆమెకు గొంతే లేదన్నా. పెండ్లయినకాడికెళ్లి గట్లనే. మెల్లగ మాట్లాడుతది, పాపం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్లయినప్పట్నుంచీ అని తన నోటితోనే అన్నాడు, అయినా ఆ మాటలో ఏముందో ఆయన చెవికి ఎక్కలేదు. ఎవరి నిద్ర కోసం నోరు కుట్టేసుకున్నానో ఆ మనిషే నేను పుట్టుకతో ఇంతేనని నమ్ముతున్నాడు. పైగా పాపమట! అక్కడే దులిపేయాలనిపించింది. అంతమందిలో అలా దులిపే గొంతే ఉంటే ఆ టీవీ నా మాట వినేది కదా. "ఇది తీసుకుందాం" అని మాత్రం అన్నాను. అదీ ఆయనకు వినపడక, "ఏందీ?" అని చెవి దగ్గరికి తెచ్చాడు.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చాడు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు, బస్సులో గాలి తగిలే చోటు నాకు వదిలేసే మనిషి. మంచివాడి మీద వచ్చిన కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియదు. దాన్ని ఒళ్లో పెట్టుకునే ఇంటికొచ్చాను.

తర్వాతి వారం ఆయనకు నైట్ షిఫ్ట్ పడింది. పొద్దున వచ్చి, గడప ముందు బూట్లు విడిచి, స్నానం చేసి, తిని పడుకున్నాడు. తలుపు గడియ వేశాను. గురక మొదలయ్యేదాకా ఆగి, మా అమ్మాయి నేర్పినట్టు ఇయర్‌ఫోన్లు టీవీకి కలిపి, చెవుల్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను.

మాటలు! రెండు చెవుల్లోనూ మాటలు. నేను రోజూ మూగబొమ్మలుగా చూసిన సీరియల్లో అత్తగారికి ఎంత తియ్యటి గొంతు ఉందో! ఇన్నాళ్లూ ఆవిడకు నేను పెట్టిన గొంతు గయ్యాళిది. ఆవిడకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. కాసేపటికి నాకు మా ఊరి నాట్ల పాటలు వినాలనిపించింది. రిమోట్ బటన్ నొక్కి, గుసగుసగా, "నాట్ల పాటలు" అన్నాను. వినపడలేదు, మళ్లీ చెప్పండి. రిమోట్‌ను పెదాలకు ఆనించి మళ్లీ అన్నాను. ఊహూ. చెవుల్లో ఆ సీరియల్ సంగీతం మోగుతూనే ఉంది. నా గొంతు నాకే వినపడటం లేదు. అందుకే ఇంకాస్త, ఇంకాస్త పెంచుకుంటూ పోయాను. నా లెక్కలో అది గుసగుసే.

ఒక్కసారిగా తెర మీద నాట్ల పాటలు వరస కట్టాయి. అదే క్షణంలో కర్టెన్ కదిలింది. ఆయన లుంగీ సర్దుకుంటూ, ఎర్రటి కళ్లతో నిలబడ్డాడు. పెదాలు కదిలాయి. నా విద్య ఊరికే పోలేదు, ప్రతి మాటా తెలిసింది. "ఎవరొచ్చిండ్రు? ఎవరో ఆడమనిషి గట్ల మొత్తుకుంటుందేంది?"

"ఎవరూ రాలేదు. నేనే" అన్నాను. ఇయర్‌ఫోన్లు తియ్యలేదు కాబట్టి ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. ఆయన ఉలిక్కిపడి నా ముఖంలోకి చూశాడు. అప్పుడు రెండు ఇయర్‌ఫోన్లూ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. రాత్రికి మళ్లీ ఆయన గనిలోకి దిగాలి.

"పడుకోండి. నేనే" అన్నాను, ఎప్పటిలాగే మెల్లగా.

ఆయన తలూపాడు. అయినా వెళ్లి గడియ తీసి, లైనుకు ఇటు చివర, అటు చివర తొంగిచూశాడు. గడప ముందు ఆయన బూట్లు తప్ప ఎవరూ లేరు.