రికార్డు రూము ఆవిడ గురించి ఎవరూ అడగలేదు

పోలీసు ఆఫీసులో రికార్డు రూము కింది అంతస్తులో, మెట్ల వెనకాల ఉండేది. అక్కడ ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉన్నా, ఆఫీసులో అందరికీ బీరువమ్మే. "ఫలానా ఏడాది, మేడ మీద వాటాలో దొంగతనం" అని సగం చెప్పేసరికే లేచి, నిచ్చెన జరుపుకుని, కట్ట దించి బల్ల మీద పడేసేది. దుమ్ముకి నాలుగు తుమ్ములు తుమ్మి, పురికొస విప్పి ఫైలు చేతిలో పెట్టేది. తీసుకున్నవాళ్లు మెట్లెక్కి వెళ్లిపోయేవాళ్లు. ఆ కేసు తేలిందో లేదో కిందికి వచ్చి చెప్పినవాళ్లు లేరు.

నాలుగేళ్ల కిందట ఒక హత్యల సినిమా వచ్చింది. ఎక్కడ చూసినా దాని గురించే మాటలు. బట్టలు కుట్టే చెల్లెలు దుకాణం మూసేసి మరీ అక్కని లాక్కెళ్లింది. హీరో ఎంత పరిగెత్తినా హంతకుడు చిక్కడు. ఆఖరికి రికార్డు రూములో ఒక నడివయసు ఆవిడ పదకొండేళ్ల నాటి ఫైలు ముందేసుకుని, "ఈ ఇంటి నంబరు నేనింతకుముందు చూశాను సార్" అంటుంది. బీరువమ్మ సీట్లో నిటారుగా కూర్చుంది. తెర మీది ఆవిడ కూడా దుమ్ముకి తుమ్మింది. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, వాటి కోసమే బల్లంతా వెతికింది.

"అక్కా, అచ్చం నువ్వే!" అని చెల్లెలు మోచేత్తో పొడిచింది.

ఆ సినిమా బీరువమ్మ అయిదుసార్లు చూసింది. బస్సుల మెకానిక్కు అయిన మొగుడు, "ఆ హంతకుడు కూడా ఆ ఇంటికి ఇన్నిసార్లు వెళ్లి ఉండడే" అని ఆటపట్టించాడు. ఆవిడ పట్టించుకోలేదు. బతుకులో మొదటిసారి తన పని ఇంకొకరి కంటపడిందని లోలోపల మురిసిపోయింది.

ఇన్నాళ్లకి దాని రెండో భాగం వచ్చింది. పేపర్లు ఆకాశానికెత్తేశాయి. ఆఫీసులో కుర్ర ఆఫీసరు మొదటిరోజే చూసొచ్చి, "మొదటిదాన్ని తలదన్నిందమ్మా, తప్పకుండా చూడండి" అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఆటకి అక్కాచెల్లెళ్లిద్దరూ బయలుదేరారు.

సినిమా మొదలై పది నిమిషాలు కాలేదు. రికార్డు రూము ఆవిడ దీపం వేసుకుని ఫైలు తెరిచింది. ఏదో చూసి ఉలిక్కిపడి ఫోనందుకుంది. వెనక తలుపు తెరుచుకుంది. ఎవరో ఇనుప అలమరా ఒక్క తోపు తోశారు. దాని వెనకది, దాని వెనకది, వరసగా అన్నీ ఆవిడ మీద కూలాయి. కాగితాలు మంచులా నెమ్మదిగా రాలాయి. హాల్లో ఈలలు మోగాయి.

"అబ్బ, ఏం తీశాడ్రా!" అన్నాడు వెనక వరసలో ఒకడు.

"అయ్యో!" అని బీరువమ్మ పైకే అరిచేసింది.

ఇప్పుడు ఎవరో ఒకరు వస్తారు, చూస్తారు, హీరో ఆ ఫైలు తీస్తాడు అనుకుంది. హీరో ఓడరేవులో ఉన్నాడు. తరవాత రైల్లో ఉన్నాడు. ఇంటర్వెల్ అయింది.

"ఆవిడ కోసం ఇంకా ఎవరూ రాలేదేమే?" అంది బీరువమ్మ.

"ఎవరి కోసం?"

"రికార్డు రూములో ఆవిడే. చచ్చిపోయిందిగా!"

"రెండో సగంలో చూపిస్తార్లే అక్కా. ఊరికే చంపరుగా."

రెండో సగంలో హీరో ఆ గదికి రానే వచ్చాడు. అలమరాలన్నీ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఆవిడ కుర్చీలో ఇంకెవడో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. హీరో వాణ్ని ఒక చిరునామా అడిగి, తీసుకుని వెళ్లిపోయాడు. కుర్చీ వైపైనా చూడలేదు. హంతకుడు దొరికాడు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పేర్లన్నీ అయిపోయి, దీపాలు వెలిగి, ఊడ్చేవాళ్లు వచ్చినా బీరువమ్మ లేవలేదు.

ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమైందే, అలా ఉన్నావు?" అన్నాడు మొగుడు.

"చంపేశారు."

"ఎవర్ని?" అని అతను అదిరిపడ్డాడు. వెనకే వచ్చిన చెల్లెలు సంగతి చెప్పింది. అతనికి నవ్వు వచ్చింది. పెళ్లాం ముఖం చూసి దాన్ని మింగేసి, కుర్చీ తెచ్చి వేశాడు.

సోమవారం పొద్దున్న ఆఫీసరే అడిగాడు. "చూశారా అమ్మా? ఎలా ఉంది?"

"మూడు గంటలు కూర్చున్నాను సార్. ఆవిడ ఏమైందని ఒక్కడు కూడా అడగలేదు."

"ఎవరు... ఓహో, ఆవిడా!" అతనికి గుర్తు రావడానికి కాసేపు పట్టింది. "అక్కడ అడుగుతూ కూర్చుంటే కథ ఆగిపోతుందమ్మా. ముందుకి వెళ్లాలిగా."

ఎంత మామూలుగా అన్నాడో! బీరువమ్మ వెనుదిరిగింది. కిందికి వచ్చి తలుపు దగ్గరగా వేసుకుంది. వెళ్లి ఆ సినిమా తీసినవాణ్ని నాలుగు దులపాలన్నంత కోపంగా ఉంది. ఆ కోపంతోనే గుడ్డ తీసుకుని అలమరాలు దులపడం మొదలుపెట్టింది. గోడవైపు పై అరకి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

ఆ అరలో తేలకుండా మూసేసిన కేసులుంటాయి. వాటిని ఇన్నేళ్లుగా తనే కట్టింది, తనే పైకెక్కించింది, చెదలు పట్టకుండా కలరా ఉండలు వేసింది. ఒక్కటంటే ఒక్కటి విప్పి చదవలేదు. హాల్లో ఈల వేసినవాణ్ని తిట్టుకుంటూ వచ్చింది గాని, తను చేసిందేమిటి?

చేతికందిన కట్ట దించి విప్పింది. పందొమ్మిదేళ్ల నాటిది. హోటలు దుప్పట్లు ఉతికే చోట పనిచేసిన ఒకామె, వేన్నీళ్ల తొట్టి పక్కన చచ్చి పడి ఉంది. మొత్తం ఆరు కాగితాలు. పక్కన పనిచేసినామె చెప్పినది రెండే వాక్యాలు: "ఆమె రోజూ నాకంటే ముందే వచ్చేది. ఆ రోజు భయపడుతూ వచ్చింది." కింద సంతకం, చిరునామా. ఎవరికి భయపడిందని తరవాతి కాగితంలో ఎవరూ అడగలేదు. తరవాతి కాగితం మూసివేత ఉత్తర్వే.

బీరువమ్మ ఫైలు పట్టుకుని మెట్లెక్కింది. ఎవరూ అడక్కుండా ఫైలు పైకి మోసుకెళ్లడం అదే మొదలు.

"ఇదేంటమ్మా, నేను అడగలేదే?" అన్నాడు ఆఫీసరు.

"అడగలేదు సార్. చదవండి."

విసుక్కుంటూనే తెరిచాడు. రెండో కాగితం దగ్గర కుర్చీ ముందుకి లాక్కున్నాడు. మూసివేత ఉత్తర్వు చూసి మళ్లీ వెనక్కి తిప్పాడు. "భయపడుతూ అంటే... ఇంతేనా? ఇక్కడితో వదిలేశారా?" అన్నాడు. ఆ చిరునామాకి మనిషిని పంపించాడు.

పదిరోజులకి ఆ పక్కన పనిచేసినామె చేతికర్ర పట్టుకుని వచ్చింది. మెట్లెక్కలేనంటే ఆఫీసరే కిందికి దిగాడు. రికార్డు రూములోనే కూర్చోబెట్టి, బీరువమ్మ మంచినీళ్లిచ్చింది. ముసలామె గ్లాసు పట్టుకుని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"నేను చెప్తానన్నాను నాయనా అప్పుడే. చాలు, వెళ్లమన్నారు. ఇన్నేళ్లకి ఇప్పుడెందుకు అడుగుతున్నారు?"

ఆఫీసరు తల దించుకుని కలం తీశాడు. సినిమా సంగతి చెప్పడానికి బీరువమ్మకి సిగ్గేసింది.

"మాదే ఆలస్యం అమ్మా," అంది. "మీరు చెప్పండి. ఆమెకి ఎవరంటే భయం?"

ముసలామె గంటన్నర మాట్లాడింది. అజమాయిషీ చేసేవాడొకడి పేరు చెప్పింది. వాడు చనిపోయి ఏడేళ్లయిందని తరవాత విచారణలో తేలింది. పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు. ఆ సంగతి ముసలామెకి ముందే తెలుసేమో, వాణ్ని పట్టుకుంటారా అని ఆ పూట అడగలేదు. చనిపోయినామె బాగా నవ్వించేదనీ, తడి దుప్పటి కప్పుకుని దయ్యంలా అందర్నీ బెదరగొట్టేదనీ చెప్పుకొచ్చింది. ఆఫీసరు కలం ఆపితే, "అది కూడా రాసుకో నాయనా" అంది.

అతను రాసుకున్నాడు.