గోలీలు మింగిన ఏడాది

ఎడమ కిడ్నీ తీసేసిన కొన్నాళ్లకు క్యాన్సర్ నా ఊపిరితిత్తుల్లో కనబడింది. తెలంగాణ ఉద్యమంతో ఊరంతా వేడెక్కిన రోజులవి. ఈసారి సూదులు, సెలైన్లు లేవన్నారు హైదరాబాద్ డాక్టరు.

"గడ్డ పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి, పెరగమని చెప్పే సంకేతాలు కావాలి. ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటుంది. ఈ గోలీ ఒకేసారి చాలా దారులు మూస్తుంది. నయమవుతుందని చెప్పను. ఆగుతుందేమో చూద్దాం."

గోదావరిఖనిలో బొగ్గుగని కంపెనీ క్వార్టర్లో ఒక్కణ్నే ఉండేవాణ్ని. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. ఆపరేషనప్పుడు దవాఖాన వరండా నిండా చుట్టాలు, గనివాళ్లే. గోలీలు మొదలయ్యాక ఎవరూ రాలేదు. నస్పూర్ నుంచి అక్క ఫోన్ చేసి, "ఉత్త గోలీలేనా? గట్లయితే ఫికర్ లేదు తమ్మీ," అంది. ఆమెను భయపెట్టడమెందుకని అవునన్నాను.

గోలీలకు నోరంతా పుళ్లు. అన్నం మట్టి తిన్నట్టుండేది. అరికాళ్లు, అరచేతులు ఎర్రబడి తోలు ఊడింది. బూట్లు వేసుకోలేక, ఆపరేషన్ తర్వాత గని పైన ఇచ్చిన డ్యూటీ కూడా మానేశాను. జుట్టు, మీసం తెల్లగా అయిపోయాయి. ఆదివారం చర్చిలో అందరూ చేతులు కలుపుతుంటే, మండే నా చేతుల్ని వెనక్కి పెట్టుకున్నాను. అంటురోగమనుకున్నారో ఏమో, పక్కవాళ్లు కాస్త జరిగి కూర్చున్నారు. మళ్లీ వెళ్లలేదు. షిఫ్టు సైరన్ మోగాక బాటలో పోయేవాళ్ల మాటలు కిటికీ దగ్గర కూర్చుని వినేవాణ్ని.

వానాకాలంలో హైదరాబాద్‌లో మళ్లీ స్కాన్ తీశారు. గడ్డలు పెరగలేదు, ఒకటి చిన్నదైంది కూడా. రైలు దిగాక ఇంటికి పోబుద్ధి కాలేదు. షేర్ ఆటో ఎక్కి నేరుగా గని దగ్గరికి వెళ్లాను. ఏళ్ల తరబడి నాతో గనిలోకి దిగిన జోడీదారు షిఫ్టు ముగించుకుని, మొహం నిండా బొగ్గుతో బయటికొచ్చాడు. నన్ను దాటి వెళ్లిపోతుంటే పిలిచాను.

"ఎవలు?" అన్నాడు. దగ్గరికొచ్చి చూశాడు. "అన్నా, నువ్వా! ఏందే గిట్లయినవ్?"

"గడ్డ ఆగిందట," అన్నాను. మళ్లీ వచ్చిందని, గోలీలతో నోరు పుండైందని చెప్పాను.

"ఆపరేషన్‌తోనే అంత బాగైందనుకున్న. నాకెందుకు చెప్పలే? పా, ఇంటికి పోదాం. బువ్వ తిందువు."

ఆయన భార్య కారం లేకుండా పప్పు వండి, అన్నం మెత్తగా కలిపి పెట్టింది. రుచి తెలియలేదు. అయినా పళ్లెం ఖాళీ చేశాను. పొద్దుగూకకముందే క్వార్టర్‌కు వచ్చి, తాళం తీసి, ఆనాటి గోలీ వేసుకున్నాను.