జొన్నల గంపలో కొమ్ముల పుల్ల

మేడ్చల్ స్టేషనుకు కూతవేటు దూరంలో, పెంకుల కప్పు కింద ఉన్న చిన్న క్రైస్తవ గుడిలో పాట ఎత్తే మనిషి ఎలీషమ్మ. చూసేవాళ్లకు అది పెద్ద పనిగా కనబడదు. ఆరాధన నడిపే అయ్యగారు పాట పేరు చెప్పగానే ఎడమ దిక్కు దూలం కింద నిలబడి మొదటి మాట అందుకోవాలి, తక్కిన గొంతులన్నీ వెంట రావాలి, అంతే. కానీ ఆ మొదటి మాట ఎంత ఎత్తులో పడాలో ఆమెకే తెలుసు. మరీ మీద పడితే ముసలివాళ్లు రెండో చరణానికే నోరు మూసేస్తారు. మరీ కింద పడితే ఆడవాళ్లు గొణుగుతారు.

ఆ కిటుకు ఆమెకు తల్లి గంగమ్మ ఇచ్చిపోయింది. రావల్కోల్ నుంచి నడిచివచ్చే జక్కయ్య తాత గుమ్మంలో చెప్పులు విడిచి, "వందనాలు బిడ్డా" అంటాడు. అందరికంటే ముసలి గొంతు ఆయనది. ఆ వందనం ఎక్కడ పలికిందో చెవిలో దాచుకుని పాటను అక్కడ మొదలుపెడితే గుడి మొత్తానికి అందుతుంది. గంగమ్మ పోయిన వారమే, పదిహేడేళ్ల ఎలీషమ్మ కళ్లు తుడుచుకుని ఆ దూలం కింద నిలబడింది. పదకొండేళ్లయింది. సొంత పొలం లేదు, ఒంటిమీద బంగారం లేదు, కడుపు పండలేదు. ఆ జాగా మాత్రం ఆమెది.

జర్మనీ యుద్ధం అయిపోయిన మరుసటేడు, ఎలీషమ్మకు తమ్ముడి వరసయ్యే ప్రభుదాసు శామీర్‌పేట పిల్లను చేసుకొచ్చాడు. పేరు ఏసమ్మ. బోర్డింగు బడిలో ఏడు తరగతులు చదివింది. ఆ ఎండాకాలమే పాటలు నేర్పడానికి యేసయ్య పంతులు వచ్చాడు. ప్రతి మంగళవారం పొద్దుగూకే ముందు రైలు దిగి, చంకలో చుట్టిన గుడ్డ పటాన్ని గుడి గోడకు వేలాడదీసేవాడు. పటం నిండా నిచ్చెన మెట్లలాగా ఒకదాని మీద ఒకటి డొ, రె, మి, ఫ, సో, ల, టి. ఆయన బెత్తం ఏ మెట్టు మీద పెడితే ఆ పేరు ఆ ఎత్తులో పాడాలి. జేబులో రెండు కొమ్ముల ఉక్కు పుల్ల ఉండేది. మోకాలికేసి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా మోగేది. డొ ఎక్కడుందో ఆ మోత చెబుతుందని ఆయన మాట. ఆడవాళ్లు దాన్ని కొమ్ముల పుల్ల అన్నారు.

మొదటి మంగళవారమే ఏసమ్మ బెత్తం వెంట ఉడుతలాగా నిచ్చెన ఎక్కి దిగింది. పంతులు మురిసిపోయాడు. ఎలీషమ్మకు మాత్రం పటం మీది అక్షరాలు చీమల బారు. చదువు రాదు. అయినా నాలుగు వారాల్లో అందరితో సమానంగా పాడుతున్నట్టే కనబడింది. ఆమె పటాన్ని చూడడం లేదు, ఏసమ్మ నోటిని చూస్తోంది. ఆ పెదవులు గుండ్రంగా చుట్టుకుంటే సో, బారుగా సాగితే మి. చెవి ఎలాగూ పదునైనది, వెంట్రుకవాసి వెనకగా అందుకునేది. ఎవరిని చూస్తే ఒళ్లు మండుతుందో ఆ మనిషి మూతినే గంటసేపు కళ్లార్పకుండా చూడాల్సి రావడం ఆమె మోసిన కష్టాల్లో పెద్దది.

అయిదో వారం పంతులు ఏసమ్మను నీళ్లు తెమ్మని బయటికి పంపి, ఎలీషమ్మను ఒక్కదాన్నే పాడమని, బెత్తాన్ని డొ మీంచి ఒక్కసారిగా ల మీదికి దూకించాడు. ఎలీషమ్మ అలవాటు కొద్దీ రె అంది. బెత్తం ఫ మీద ఆగితే మి అంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పంతులు కోప్పడలేదు.

"నీ చెవి మంచిదే తల్లీ," అన్నాడు. "కండ్లు ఎవల యింట్ల తాకట్టు పెట్టినవ్?"

ఇంకెక్కువ నవ్వారు. బిందెతో లోపలికి వస్తున్న ఏసమ్మ, సంగతి తెలియకపోయినా, అందరితో పాటు నవ్వింది. ఎలీషమ్మ ఆ నవ్వును ఇంటికి తీసుకుపోయింది. జొన్నలు విసురుతున్నా అదే, బర్రెకు గడ్డి వేస్తున్నా అదే.

కోత పండుగ దగ్గరపడ్డాక అయ్యగారు చల్లగా ఒక మాట చెప్పారు. ఈ పండుగకు పాట ఏసమ్మ ఎత్తుతుంది, కొమ్ముల పుల్ల పంతులు ఆమె చేతికే ఇచ్చిపోతాడు, బాగా సాగితే ఇకముందు కూడా ఆమే ఎత్తుతుంది అని. ఎలీషమ్మ తల ఊపింది. మొగుడు బాలమల్లు మంచి మనిషి, ఆ రోజు అన్నం తింటూ, ఇన్నేళ్లు నిలబడ్డవు, ఇగ జర కూసో అన్నాడు. ఆమె ముద్ద సగంలో వదిలి లేచిపోయింది.

శనివారం సాయంత్రం ఆడవాళ్లంతా గుడికి బంతిపూల తోరణాలు కట్టారు. పాలుకు చేసే చేలో పండిన జొన్నలు ఒక గంపెడు ఎలీషమ్మ కూడా కానుకగా తెచ్చింది. పొద్దు వాలాక ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఏసమ్మ కొమ్ముల పుల్లను బల్ల మీద పాటల పుస్తకం పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయింది. ఎలీషమ్మ ముందుగా అనుకుని చేసింది కాదు. చెయ్యి దానంతటదే అటు పోయింది, పుల్ల చేతికొచ్చింది. దాని చల్లదనం ఇంకా అరచేతిలో ఉండగానే గుమ్మంలో గాజుల చప్పుడైంది. కొంగులో దాస్తే కొమ్ములు బయటికి పొడుస్తాయి. పక్కనే తన గంప ఉంది. జొన్నల్లోకి మోచేతి దాకా చెయ్యి దించి, ఖాళీ చెయ్యి పైకి తీసింది.

"గింజలు జూస్తున్నవా వదినె," అంది ఏసమ్మ. చీకటి పడుతోంది, బల్ల వైపు చూడకుండా ఇద్దరూ కలిసే బయటికి నడిచారు. పొద్దున అందరికంటే ముందు వచ్చి తీసి ఎక్కడో పారేద్దామనుకుంది ఎలీషమ్మ. కానీ పొద్దున వచ్చేసరికి మగవాళ్లు గంపలన్నీ బల్ల ముందు గుట్టగా పేర్చారు. తన గంప అడుగు వరసలో, గుమ్మడికాయల కింద ఉంది.

పుల్ల కనబడలేదు. ఏసమ్మ పుస్తకం దులిపింది, బల్ల కిందికి వంగి చూసింది. అయ్యగారు పాట పేరు చెప్పారు. ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. గుడ్లనీళ్లు కుక్కుకుని, భయంలో గొంతు ఎక్కడికి పోతే అక్కడ పాట ఎత్తింది. అది ఆకాశంలో పడింది. మొదటి చరణం సగంలో మగవాళ్లు ఆగిపోయారు. రెండో చరణానికి జక్కయ్య తాతకు దగ్గు తెర వచ్చింది. చివరికి ఏసమ్మ గొంతు ఒక్కటే మిగిలి, అదీ తెగిపోయింది.

ఎలీషమ్మ గుండెలో చల్లటి నీళ్లు పోసినట్టయింది. కావాలనే పది లెక్కపెట్టేంత సేపు ఊరుకుంది. అందరి తలలూ తన వైపు తిరిగేదాకా ఊరుకుని, అప్పుడు లేచి దూలం కిందికి పోయింది. జక్కయ్య తాత పొద్దున చెప్పిన వందనం చెవిలో ఉంది. అక్కడ అందుకుంది. పెంకులు కదిలేటట్టు పాడారు జనం.

ఆ సంతోషం హర్రాజు దాకా నిలిచింది. ఆరాధన అయ్యాక, దేవునికి తెచ్చిన పంటను గుడి ముందు వేలానికి పెట్టి హర్రాజు వేయడం ఏటేటా ఉన్న ఆనవాయితీ. గుమ్మడికాయలు పోయాయి, కోళ్లు పోయాయి. జొన్నల గంప పైకి లేవగానే ఎలీషమ్మ మొగుని మోచెయ్యి పొడిచి, వేలం పాడుమంది.

"మన జొన్నలు మనమే కొనుడేంది?" అన్నాడు బాలమల్లు.

"కొను అంటున్న."

ఆమె మొహం చూసి పాడాడు. అవతలి నుంచి ప్రభుదాసు ఎక్కువ పాడాడు. పక్కన ఏసమ్మ, ఉబ్బిన కళ్లతో, మొగుని చెవిలో ఏదో చెబుతోంది. వదినె ఇవాళ నా పరువు కాపాడింది, ఆమె తెచ్చిన గింజలు మన ఇంటికే రావాలి అంటోందని మధ్యలో నిలబడ్డవాళ్లు నవ్వుతూ ఇటు చేరవేశారు. బాలమల్లు ఇంకో రెండుసార్లు పాడి, దస్తీతో చెమట తుడుచుకుని, నాతోని గాదన్నాడు. గంప ప్రభుదాసు నెత్తికెక్కింది.

సోమవారం ఎలీషమ్మ గడప దాటలేదు. ఎవరైనా పిలిస్తే చాలు ఉలిక్కిపడింది. మంగళవారం పోకపోతే ఒప్పుకున్నట్టవుతుందని పోయింది. పటం వేలాడుతోంది. కొమ్ముల పుల్ల ఏసమ్మ చేతిలో ఉంది. ఎక్కడ దొరికిందని పంతులు అడిగాడు.

"కిటికీ సందుల పడ్డది పంతులు. నేనే సరిగ జూడలే."

మళ్లీ ఎలీషమ్మ వైపు చూడకుండా పాటకు కూర్చుంది. తిట్టినా బాగుండేది. పది మందిలో పేరు పెట్టి అడిగితే, తనూ నాలుగు మాటలు అనేది. ఏ దారీ మిగల్చకుండా, ఇక్కడ కూడా ఆ పిల్లే పైమెట్టు ఎక్కి కూర్చుంది.

ఇంటిదారిలో ఏసమ్మ వచ్చి పక్కన నడిచింది.

"నీ జొన్నలు మంచిగున్నయి వదినె. ఒక్క రాయి లేదు."

ఎలీషమ్మ నడక వేగం పెంచింది. రైలు పట్టాలు దాటారు. బాకీ ఉంచుకోవడం ఆమెకు చేతకాదు, అందునా ఈ మనిషికి.

"జక్కయ్య తాత గుమ్మంల వందనాలు చెప్తడు గదా," అంది ముందుకే చూస్తూ. "గా గొంతు ఏడుంటే ఆడ నీ డొ పెట్టు. పుల్లతోని పని లేదు. ఇగ నన్నేమడగకు."

మరుసటి ఆదివారం ఏసమ్మ పుల్లను బల్ల మీదే ఉంచి, గుమ్మం వైపు చెవి పెట్టి నిలబడింది. పాట సరిగ్గా పడింది. గుడి మొత్తం అందుకుంది. ఆ జాగా ఇకముందు ఆమెదేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎలీషమ్మ రెండో వరసలో కూర్చుని పాడింది, ప్రతి చరణానికీ లోపల భగ్గుమంటూనే పాడింది.

మంగళవారాలు మాత్రం మానలేదు. ఇప్పుడు ఏసమ్మకు ముందు, పటానికి ఎదురుగా కూర్చునేది. ఎవరి నోరూ కనబడని చోటు అది. నిచ్చెన మీది ఏడు చీమలూ ఒక్కొక్కటే అక్షరాలైనాయి. విసుర్రాయి దగ్గర డొ, నాట్లలో సో. ఆ చలికాలం ఆఖరుకు బెత్తం ఎటు దూకినా ఆమె గొంతు అటు దూకింది. పంతులు బెత్తం దించి, ఇంత కష్టపడి ఎందుకు నేర్చుకున్నవమ్మా అని అడిగాడు. దేవుని కోసమని చెబుతుందనుకున్నాడేమో. ఎలీషమ్మ మళ్లీ బెత్తం ఎత్తమంది.