లక్ష్మణమ్మ పెయ్యకు పెట్టిన ఉలవలు

తెల్లవారుజామున మొదట రోలు వినిపించేది. నానిన ఉలవలు రాతికింద నలిగే చప్పుడు, మంచులో తడిసిన బండిచక్రంలా వీధంతా మెల్లగా దొర్లేది. తర్వాత పొయ్యి పొగ. ఆ పొగ వెనక లక్ష్మణమ్మ.

చీపురుపల్లి అవతల ఆ ఊళ్ళో పశువుల్ని మేపడంలో ఆమెకు ఆమే సాటి. పంతొమ్మిదివందల అరవై ఆరులో వాళ్ళ పశువుల సాలలో ఒకే వారం రెండు ఆవులు ఈనాయి. ఒకటి కోడెదూడ, ఒకటి పెయ్య. అరక లాగబోయే కోడెకు ఉలవలు, పెయ్యకు గడ్డి. ఏ ఇంట్లోనైనా అంతే.

లక్ష్మణమ్మకు అది మింగుడుపడలేదు. పుట్టింట్లో అన్నదమ్ములు తిని లేచాక ఆమెకు గంజి మిగిలేది. అడుగున నాలుగు మెతుకులు దొరికితే ఆ రోజు పండగ. అందుకే కుడితి అడుగున ఉలవముద్ద దాచి పెయ్యకూ పెట్టేది, కోడెకెంతో దానికీ అంతే.

భర్త కూర్మయ్య ఓనాడు పసిగట్టాడు.

"ఏటే, పెయ్యకి ఉలవలేటి? రేపు అరక లాగుతాదేటి?"

"దానికీ నోరున్నాది మావా."

"నోరు నీకూ ఉన్నాది. ఏటి లాభం?"

రెండేళ్ళకు కోడె భుజాలు రాటుదేలాయి. పెయ్య మాత్రం నునుపెక్కింది. ఒంటిమీద ఎండ పడితే జారిపోయేది. చూసినప్పుడల్లా లక్ష్మణమ్మ కడుపు నిండేది.

పెయ్య మూడుసార్లు ఎదకొచ్చింది. మూడుసార్లూ ఆంబోతు దగ్గరకు తోలారు. చూలు నిలవలేదు.

పశువుల కాంపౌండరు వచ్చి తోక మొదట్లో నొక్కి చూశాడు. "కొవ్వు పట్టేసిందమ్మా. ఒకే తిండి పెట్టినా కోడెకి కండవుతుంది, పెయ్యకి కొవ్వవుతుంది. తిండి తగ్గించి ఆరునెలలు చూడండి."

ఆ మర్నాటి నుంచి పెయ్యకు వట్టి గడ్డే. రోలు చప్పుడు వినబడగానే అది తాడు తెంచుకునేలా అరిచేది. లక్ష్మణమ్మ చెవులు మూసుకోలేదు. రుబ్బడం మానలేదు. కోడె ఉంది కదా.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. గడ్డివాము నడుం దాకా దిగిపోయింది. ఆరునెలల్లో రెండే గడిచాయి.

"సూలు కట్టని నోటికి గడ్డెక్కడిదే?" అని కూర్మయ్య పశువుల బేరగాణ్ణి పిలిచాడు.

బేరగాడు పెయ్య తోక మొదట్లో వేళ్ళు దించాడు. కొవ్వు తగలగానే ముఖం వెలిగింది.

"ఎవులమ్మా మేపినారు? బంగారం లాటి సెయ్యి."

ఆ చేతికి జన్మలో దక్కిన మెప్పు అదొక్కటే.

"పాడికేనా బాబూ?" అంది లక్ష్మణమ్మ.

అతను పలుపు విప్పుతూ, "ఈననిదానికి పాడేటమ్మా," అన్నాడు, ఆమెవైపు చూడకుండా.

తర్వాత కొన్నేళ్ళకు, అదే వీధిలో మా ఇంట్లో పెయ్య పుట్టిన ఏడు, లక్ష్మణమ్మను రోలు ఎరువిమ్మని అడగడానికి వెళ్ళాను. అది వాకిట్లో బోర్లించి ఉంది. పైన నాచు పట్టింది. ఆమె నాతో మాట్లాడింది ఆ రోజే ఆఖరు.

"పట్టుకెళ్ళిపో బాబూ, మళ్ళా తేకు. పెయ్యకి మాత్రం గడ్డే ఎయ్యి. ఆకలితో ఉంటే బతుకుతాది."